డాబా మీద 23 నిమిషాలు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది గాజువాక. పెళ్ళయి రెండేళ్ళయింది. మా వారు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేస్తారు. బీ షిఫ్టు దిగి ఇంటికి వచ్చేసరికి రాత్రి పదిన్నర దాటుతుంది. స్నానం చేసి, అన్నం తిని, హెడ్‌ఫోన్స్ పట్టుకుని డాబా ఎక్కేస్తారు. ఇంక గంట దాకా కిందికి రారు. వినేది సైకెడెలిక్ మ్యూజిక్ అట. ఏముందా అని ఒకరోజు నేనూ పెట్టుకున్నాను. 23 నిమిషాల పాట. మొదట్లో "టింగ్... టింగ్" అని ఒకటే చప్పుడు. కాసేపు చూసి ముందుకు జరిపాను. గాలి హోరు, కాకుల గోల, ఎవరో ఏడుస్తున్నట్టు కూతలు. మళ్ళీ జరిపాను. మళ్ళీ అదే టింగ్. తీసేశాను. ఇవి మత్తుమందులు వాడేవాళ్ళ పాటలని మా అత్తగారికి ఎవరో చెప్పారు. అప్పట్నుంచి ఆవిడకి ఒకటే టెన్షన్. మా వారికి సిగరెట్ అలవాటు కూడా లేదు. ఆయన చేత మాన్పించాలని నాకు లేదు. అంత ఇష్టంగా వినేదాంట్లో ఏముందో, అది నాకెందుకు వినపడటం లేదో చెప్తారా?
ఒక సోదరి, గాజువాక

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరంలో చివరి వాక్యం దగ్గర కాసేపు ఆగిపోయాను. ఇంట్లో ఒకరి పాటలు ఇంకొకరికి నచ్చకపోతే "ఆ గోల ఎలా ఆపాలి" అని అడిగేవాళ్ళే ఎక్కువ. ఆయనకి వినపడేది మీకూ వినపడాలని మీరు అడిగారు. నలభై ఏళ్ళకు పైగా ఈ సంగీతం వింటున్నవాణ్ణి, మీ ప్రశ్నకి రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకోలేను. కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు మీ అత్తగారి భయం సంగతి. అది తీరకపోతే ఇంట్లో ఎవరూ ప్రశాంతంగా ఏ పాటా వినలేరు. ఆవిడ భయానికి కారణం లేకపోలేదు. సైకెడెలిక్ అన్న మాటే మందుల దగ్గర పుట్టింది. 1956లో హంఫ్రీ ఆస్మండ్ అనే మానసిక వైద్యుడు, రచయిత ఆల్డస్ హక్స్‌లీకి ఉత్తరం రాస్తూ, ఎల్‌ఎస్‌డీ లాంటి, లేనివి ఉన్నట్టు చూపించే మత్తుమందులకి పేరుగా ఈ మాట కట్టాడు. గ్రీకులో మనసుకి ఉన్న మాటనీ, బయటపడటం అన్న అర్థం ఉన్న మాటనీ కలిపి అతికించాడు. పదేళ్ళు తిరిగేసరికి అది పాటల మీదికి వచ్చింది. 1966లో టెక్సస్ కుర్రాళ్ళ బ్యాండ్ ఒకటి, థర్టీన్త్ ఫ్లోర్ ఎలివేటర్స్, తమ మొదటి ఆల్బమ్ పేరులోనే ఆ మాట పెట్టుకుంది. ఆ రోజుల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలోనూ లండన్‌లోనూ ఈ సంగీతం వాయించినవాళ్ళలో చాలామంది ఎల్‌ఎస్‌డీ తీసుకున్నారు. దాచాల్సిన పని లేదు. లండన్ బ్యాండు పింక్ ఫ్లాయిడ్‌కి మొదటి పాటలు రాసిన సిడ్ బారెట్ కళ్ళముందే చితికిపోయి 1968లో బ్యాండుకి దూరమయ్యాడు. అతను ఆ మందు విపరీతంగా వాడాడని తోటివాళ్ళే చెప్పారు. ఎంత మంచి చెయ్యి అది! ఆ కుర్రాడి గురించి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. పైగా మన వైపు పేపర్లలో ఏజెన్సీ గంజాయి పట్టివేత వార్తలు తరచూ వస్తూనే ఉంటాయి. కొడుకున్న ఏ తల్లికైనా మనసు అటే పోతుంది.

అయితే ఆవిడకి ఇంకో సంగతి కూడా చెప్పండి. ఆ కుర్రాళ్ళందరూ నెత్తిన పెట్టుకున్న మన పండిట్ రవిశంకర్ గారు 1967 జూన్‌లో కాలిఫోర్నియాలోని మాంటెరీ పాప్ ఫెస్టివల్‌లో సితార్ వాయించారు. ఆ తరవాత జీవితమంతా ఆయన ఒకటే మాట చెప్పుకొచ్చారు: మత్తులో నా కచేరీకి రావద్దు, ఈ సంగీతం వినడానికి అది అక్కర్లేదు అని. అదే జనం, అదే కాలం. ఆయనకి మాత్రం నాదం ఒక్కటే చాలింది.

మనిషి తప్పుదారిలో ఉన్నాడా అని తెలుసుకోవాలంటే నిద్ర చూడాలి, తిండి చూడాలి, డబ్బు ఎటు పోతోందో చూడాలి, డ్యూటీకి వేళకి వెళ్తున్నాడా, మాట తీరు మారిందా చూడాలి. డ్యూటీ దిగి నేరుగా ఇంటికొచ్చి, స్నానం చేసి, మీరు పెట్టింది తిని, సొంత డాబా మీద కూర్చునే మనిషిని ఆయన వినే పాటని బట్టి అనుమానించడం న్యాయం కాదు. మీ అత్తగారితో ఈ మాట మీరే నెమ్మదిగా చెప్పండి. కోడలు చెప్తే ఆవిడకి ధైర్యం వస్తుంది.

ఈ పాటల్లో వినపడే ఆ వింత శబ్దాలన్నీ మందులోంచి పుట్టినవని కూడా చాలామంది అనుకుంటారు. నిజానికి వాటిని చేసింది టేపు, వైరు, స్పీకరు, వాటి ముందు గంటలకొద్దీ కూర్చున్న మనుషులు. 1966 ఏప్రిల్‌లో లండన్ స్టూడియోలో బీటిల్స్ "టుమారో నెవర్ నోస్" అనే పాట రికార్డు చేశారు. మూడు నిమిషాలు కూడా ఉండదు. పాట మొత్తం దాదాపు ఒకే కార్డ్, అంటే కలిసి మోగే ఒకే స్వరాల గుంపు మీద నిలబడి ఉంటుంది, కింద తంబుర మోగుతూ ఉంటుంది. తన గొంతు కొండ మీద నుంచి దలైలామా మంత్రం చదువుతున్నట్టు వినపడాలని ఆ బ్యాండులో పాడే జాన్ లెనన్ కోరిక. హామండ్ ఆర్గన్‌కి తగిలించే లెస్లీ స్పీకరు అని ఒక పెద్ద చెక్కపెట్టె ఉంటుంది. దాని లోపల శబ్దాన్ని బయటికి వదిలే కొమ్ము గిరగిరా తిరుగుతూ ఉంటుంది. పాట రెండో సగంలో లెనన్ గొంతుని దాంట్లోంచి పంపారు. కొమ్ము మన వైపు తిరిగినప్పుడు గొంతు దగ్గరికొస్తుంది, అటు తిరిగినప్పుడు దూరం జరుగుతుంది, శ్రుతి కూడా వెంట్రుకవాసి అటూ ఇటూ ఊగుతుంది. కూత వేసుకుంటూ రైలు మన ముందు నుంచి దాటిపోయేటప్పుడు ఆ కూత కిందికి జారినట్టు వినపడుతుంది కదా, సూత్రం అదే. ఇంక అదే బ్యాండులోని పాల్ మెకార్ట్‌నీ ఇంట్లో టేపు ముక్కల్ని గుండ్రంగా అతికించి తెచ్చాడు. వాటిని వేరువేరు మెషీన్ల మీద తిప్పుతుంటే, టేపు వదులు కాకుండా స్టూడియో సిబ్బంది పెన్సిళ్ళతో లాగి పట్టుకుని నిలబడ్డారు. ఆ పాటలో సముద్రపక్షులు అరిచినట్టు ఒక శబ్దం వస్తుంది. అది వచ్చినప్పుడల్లా నాకు డ్యూటీలో పెన్సిలు పట్టుకుని కదలకుండా నిలబడ్డ ఆ ఉద్యోగులే గుర్తొస్తారు. మీ ఆయన కూడా షిఫ్టు మనిషే కాబట్టి ఈ ముక్క ఆయనకి నచ్చుతుంది, చెప్పి చూడండి.

సరే, మీ అసలు ప్రశ్నకి వస్తాను.

మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి మీరు విన్నది పింక్ ఫ్లాయిడ్ వాళ్ళ "ఎకోస్". 1971లో వచ్చింది. పాత ఎల్పీ రికార్డులో ఒక వైపు మొత్తం ఆ ఒక్క పాటే. నేనూ ఈ దారిలో మొదట విన్నది దాన్నే. 1981లో అనుకుంటా, ఇంటర్ చదువుతున్నాను. వన్‌టౌన్ కోటవీధిలో మా స్నేహితుడి అన్నయ్య సరుకు ఓడల్లో పనిచేసేవాడు. ఊరికి వచ్చినప్పుడల్లా రెండో మూడో రికార్డులు తెచ్చేవాడు. ఆ మధ్యాహ్నం మేం ముగ్గురం చాప మీద కూర్చున్నాం. పాట మొదలై దాదాపు మూడు నిమిషాల దాకా మాట రాలేదు. నేను అటూ ఇటూ కదులుతున్నాను. పల్లవి ఎప్పుడొస్తుందా, చరణం ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను. అది గమనించి అన్నయ్య అన్నాడు: "పాట కోసం చూడకురా. ఏదో ఒక్క వాయిద్యాన్ని పట్టుకో. అది ఎటు పోతే అటు పో." నేను ఆర్గన్‌ని పట్టుకున్నాను. జాతరలో పిల్లాడు అమ్మ కొంగు పట్టుకుని నడిచినట్టు దాని వెనకే పోయాను. ఆ రోజు పాట మొత్తం నచ్చిందని చెప్పను. ఒక రెండు నిమిషాలు మాత్రం నేను ఆ గదిలో లేను. ఆ రెండు నిమిషాల కోసం మర్నాడు మళ్ళీ వెళ్ళాను.

కానీ అన్నయ్య చెప్పింది నాకు పూర్తిగా బోధపడింది ఇంకోచోట. మా పెద్దమ్మ విజయనగరంలో పిల్లలకి సంగీతం చెప్పేది. ఎండాకాలం సెలవులకి అక్కడికి పోయేవాళ్ళం. పొద్దున్నే తంబుర శ్రుతి చేసేది. ఎలా చేసేదో ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది. బిరడాలు తిప్పి తీగలు సరిచేశాక, ఒక సన్నటి నూలుదారం ముక్క తీసి, తీగకీ అది ఆనే చెక్కకీ మధ్య దూర్చేది. జీవాళి అంటారు దాన్ని. అప్పటిదాకా "ఠంగ్" అని మోగి చచ్చిపోయే తీగ, దారం సరిగ్గా కుదిరిన చోట ఒక్కసారి "ఝుమ్మ్" అని లేచేది, లోపల తేనెతుట్టె కదిలినట్టు. దారం నూలుపోగు మందం జరిగితే మళ్ళీ పోయేది. చెవి తీగకి ఆనించి, ఊపిరి బిగబట్టి ఆవిడ ఆ దారాన్ని జరుపుతుంటే పిల్లలం కూడా ఊపిరి బిగబట్టేవాళ్ళం.

నాలుగు తీగలు. పలికేది ప, స, స, స. అంతే. ఒకరోజు నన్ను కూర్చోబెట్టి మీటుతూ అడిగింది, "గాంధారం వినపడుతోందా?" అని. సరిగమల్లో గ అన్నమాట. గాంధారం తీగే లేదు కదా పెద్దమ్మా అన్నాను. "కూర్చో" అంది. ఆ రోజు వినపడలేదు. మర్నాడూ లేదు. వారం పోయాక ఒక పొద్దున ఏదో ఆలోచిస్తూ కూర్చుంటే, ఆ ఝుంకారం మధ్యలోంచి పైన ఎక్కడో సన్నగా గాంధారం తేలుతూ కనపడింది. కనపడిందనే అంటాను, అంత స్పష్టంగా ఉంది. ఎవరూ మీటలేదు. తీగ మోగేటప్పుడు దాని అసలు స్వరంతోపాటు పైస్వరాలు కూడా పుడతాయి, అందులో ఒకటి గాంధారం. స్వయంభూ గాంధారం అంటారు. అది మొదటి రోజు నుంచీ అక్కడే ఉంది. నా చెవి అక్కడికి చేరడానికి వారం పట్టింది.

అమ్మా, మీరడిగిన దానికి నా దగ్గరున్న జవాబు ఇదే. మామూలు పాట మనల్ని చెయ్యిపట్టుకుని ఒక చోటు నుంచి ఇంకో చోటికి తీసుకుపోతుంది. పల్లవి, చరణం, మళ్ళీ పల్లవి. సైకెడెలిక్ సంగీతం మనల్ని ఒకే చోట చాలాసేపు కూర్చోబెడుతుంది. కూర్చున్నకొద్దీ చెవి మారుతుంది. మొదట ఒక్క మోతగా ఉన్నది మూడుగా విడిపోతుంది, ఆ మూడింటి మధ్య ఇంకేదో కదులుతుంది. విని విని చెవి అరగదీసుకున్నవాళ్ళకి ఆనందం ఆ కదలికలో ఉంది. మీ ఆయన అదే పాట వందోసారి విన్నా కొత్తగా వింటున్నది దాన్నే.

ఒకే చప్పుడు మళ్ళీమళ్ళీ వస్తే విసుగే కదా అంటారేమో. ఒక సంగతి చెప్తాను. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డయానా డాయిష్ అనే ఆవిడ, చెవి ఎలా వింటుందన్న దాని మీద పనిచేసే శాస్త్రవేత్త, 1995లో ఒక వింత గమనించారు. తను మామూలుగా మాట్లాడిన మాటల రికార్డింగులోంచి ఒక చిన్న ముక్క తీసి మళ్ళీమళ్ళీ వినిపిస్తుంటే, కాసేపటికి అది మాటలా కాకుండా పాటలా వినపడటం మొదలైంది. రికార్డింగులో ఒక్క అక్షరం మారలేదు. మీకు దీనికి శాస్త్రవేత్తలు కూడా అక్కర్లేదు. పొద్దున్నే వీధిలో చేపలమ్మి వేసే కేక వినండి. మొదటిసారి అది "చేపలు" అన్న కబురు. సందు చివరిదాకా పదిసార్లు వేశాక అది రాగం. గుడిలో ఏకాహం చేస్తే, తెల్లవారుజాము మూడింటికి ఆ నాలుగు మాటల నామమే ఎలా మారిపోతుందో కూర్చున్నవాళ్ళకి తెలుసు. పూటంతా పాడుతున్నవాడికి ఒళ్ళు తేలిపోతుంది. అక్కడ ఎవరూ ఏ మందూ తీసుకోరు.

ఇక మీరు ముందుకు జరిపి విన్న సంగతి. మీకు వినపడకుండా పోయింది అక్కడే.

అరకు రైలెక్కారా ఎప్పుడైనా? కిరండూల్ పాసింజరు. కొండ ఎక్కేటప్పుడు వరసగా సొరంగాలు, అన్నీ కలిపి 58 అని చెప్తారు. బయట ఉన్నప్పుడు చక్రాల చప్పుడు విడివిడిగా లోయలోకి పోతూ ఉంటుంది. సొరంగంలోకి దూరగానే అదే చప్పుడు గోడలకి కొట్టుకుని నాలుగింతలై మీద పడుతుంది. పిల్లలందరూ కేకలు పెడతారు, వాళ్ళ కేకలు వాళ్ళకే తిరిగొస్తాయి. చీకటి, బొగ్గు వాసన లాంటి తడి వాసన. ఇంక అయిపోదా అనుకునేసరికి ఎదురుగా చిన్న చుక్కంత వెలుగు, అది పెద్దదై, ఒక్కసారి పచ్చటి లోయ. ఆ పచ్చదనం అంత బాగుండటానికి కారణం ముందు గడిచిన ఆ చీకటి. ఎవరైనా చీకటి భాగం కోసేసి వరసగా లోయలే చూపిస్తే బొమ్మల పుస్తకం తిరగేసినట్టు ఉంటుంది.

"ఎకోస్" కూడా అలాంటి ప్రయాణమే. మొదటి టింగ్ ఏమిటో తెలుసా? పియానో మీద ఒక్క స్వరం, ఇందాక చెప్పిన లెస్లీ పెట్టెలోంచి వచ్చింది. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం చూసే ఉంటారు. నీళ్ళ అడుగున సబ్‌మెరైన్ దారి వెతుక్కోవడానికి వదిలే సోనార్ శబ్దం సినిమాల్లో వినిపిస్తారు చూడండి, అచ్చం అలా ఉంటుంది. తరవాత నెమ్మదిగా పాట వస్తుంది, రెండు చరణాలు. ఏడో నిమిషం నుంచి తల ఊపించే మంచి దరువు, గిటారూ ఆర్గనూ మాట్లాడుకుంటాయి. పదకొండో నిమిషం దాటాక దరువు కరిగిపోతుంది. మీరు విన్న గాలి హోరు, కాకులు, ఏడుపు కూతలు అక్కడివి. ఆ కూతలు గిటారువే. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ కాలితో తొక్కే వావా పెడల్‌కి, అంటే గిటారు చేత "వావా" అనిపించే మీటకి, వైర్లు అటుది ఇటు పెడితే వచ్చిన శబ్దం అది. ఆ చీకట్లో మూడు నాలుగు నిమిషాలు ఉంచుతారు. భయంగానే ఉంటుంది. అప్పుడు, పదిహేనో నిమిషం దగ్గర, ఎక్కడో దూరంగా ఆ టింగ్ మళ్ళీ మోగుతుంది.

మొదటి నుంచీ కూర్చున్నవాడికి ఆ రెండో టింగ్ విన్నప్పుడు గుండెలో ఏదో కదులుతుంది. ఊరు కాని ఊళ్ళో తెలిసిన మనిషి పేరు పెట్టి పిలిచినట్టు ఉంటుంది. స్వరం మారలేదు, మనం చీకట్లోంచి వచ్చాం. అక్కడ నుంచి పాట మెట్టు మెట్టుగా పైకి లేచి మూడో చరణం దగ్గరికి చేరుతుంది. మీరు రాశారు, "మళ్ళీ జరిపాను, మళ్ళీ అదే టింగ్" అని. జరిపి వింటే అది నిజంగా అదే టింగ్. కూర్చుని వింటే ఈ సంగీతం మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన క్షణాల్లో అది ఒకటి.

మీ ఆయన ఒకే పాటని పది రకాలుగా వింటున్నట్టు కనిపిస్తే ఆశ్చర్యపోకండి. అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ అని ఒక బ్యాండు ఉండేది. వాళ్ళ "డార్క్ స్టార్" 1968లో రికార్డుగా వచ్చినప్పుడు మూడు నిమిషాలు కూడా లేదు. 1969లో కచేరీలో వాయించినది ఆల్బమ్‌గా వస్తే అదే పాట 23 నిమిషాలు. ఏ రాత్రికి ఆ రాత్రి వేరేగా వాయించేవాళ్ళు, జనాన్ని టేపు చేసుకోనిచ్చేవాళ్ళు. మన వాళ్ళకి ఇదేం కొత్త? త్యాగరాజ కృతి ఒకటే, విద్వాంసుడు ఈ రోజు చేసిన నెరవు, అంటే ఒకే పంక్తిని రకరకాలుగా పాడటం, రేపు అలాగే చెయ్యడు. అప్పటికప్పుడు మనసులోంచి అల్లుకునే దానికి మనోధర్మం అన్న మాట మన దగ్గర ఎప్పట్నుంచో ఉంది. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు జముకుల పాట విన్నా ఈ రుచి తెలుస్తుంది. ఆ పాటకి వాయించే జముకులో తోలు మధ్యలోంచి వచ్చిన ఒక్క తీగని లాగుతూ వదులుతూ మీటితే ఆ జముకు గుటక వేసినట్టు, మాట్లాడబోయి ఆగినట్టు మోగుతుంది. వావా పెడల్ కాలితో చేసే పనికి అది దగ్గరి చుట్టం. మొదటిసారి ఆ సంగతి తట్టినప్పుడు నేను పొందిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఇంత మెచ్చుకున్నాను కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ పేరుతో వచ్చేదంతా మంచిది కాదు. చెప్పడానికి ఏమీ లేక సాగదీసినవి బోలెడున్నాయి. ఎకో మీట తిప్పి వదిలేస్తే సైకెడెలిక్ అయిపోతుందనుకునేవాళ్ళు ఆ రోజుల్లోనూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. 20 నిమిషాలు కూర్చున్నా చెవికి ఒక్క కొత్త సంగతి అందకపోతే తప్పు మీది కాదు, పాటది. నిర్మొహమాటంగా తీసేయండి. మీ ఆయనకి నచ్చినవన్నీ మీకు నచ్చాలని రూలేమీ లేదు. ఆయన కోసం నచ్చినట్టు నటించకండి. అలా నటించే వినికిడి నాలుగు రోజులకే చేదైపోతుంది.

మరి ఎలా మొదలుపెట్టాలి? వంట చేస్తూ ఫోన్ స్పీకర్లో పెట్టకండి. ఈ పాటల్లో శబ్దం ఎడమ చెవి నుంచి కుడి చెవికి నడుస్తుంది, కింద బేస్ గిటారు కథ చెప్తూ ఉంటుంది. ఫోన్ స్పీకర్లో ఆ రెండూ పోతాయి. రెండు చెవులకీ పెట్టుకుని, లైటు తీసి, పడుకునో ఆనుకునో వినండి. మొదట పొడుగు పాటల జోలికి పోవద్దు. నేను చెప్పిన ఆ మూడు నిమిషాల బీటిల్స్ పాటతో మొదలుపెట్టండి. మొదటిసారి తంబుర ఒక్కటే పట్టుకోండి. రెండోసారి డ్రమ్ములు. మూడోసారి ఆ పక్షి అరుపు ఎన్నిసార్లు వస్తుందో చూడండి. గోల భరించలేను, మెత్తగా ఏదైనా కావాలి అనుకుంటే హ్యూస్టన్ వాళ్ళు ముగ్గురు వాయించే క్రువాంగ్‌బిన్ అనే బ్యాండు ఉంది. 60లు, 70ల నాటి థాయ్‌లాండ్ పాటలు విని ఇష్టపడి మొదలుపెట్టినవాళ్ళు. మాటలు తక్కువ, గిటారు నీళ్ళలా పారుతుంది. భీమిలి రోడ్డులో సాయంత్రం బండి మీద పోతున్నట్టు ఉంటుంది. అక్కడ చెవి కుదురుకున్నాక మళ్ళీ మీ 23 నిమిషాల పాట దగ్గరికి రండి. ఈసారి ముందుకు జరపకుండా.

మీ ఆయన చెవుల గురించి ఒక్కమాట, ఇది మాత్రం ఇద్దరూ పట్టించుకోవాలి. ప్లాంటులో ఎనిమిది గంటలు మెషీన్ల హోరులో ఉండి వచ్చిన చెవులవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ మోతలో వారానికి 40 గంటలు దాటకూడదు, మోత పెరిగినకొద్దీ ఆ గంటలు గబగబా తగ్గిపోతాయి. డ్యూటీలో చెవులకి రక్షణ పెట్టుకుంటున్నారా అడగండి. డాబా మీద సౌండు సగానికి అటూ ఇటూగా పెట్టుకోమనండి. రాత్రి పదకొండింటికి గాజువాకలో కూడా లారీలు కాస్త సద్దుమణుగుతాయి, అంత పెద్ద సౌండు అక్కర్లేదు. విన్నాక చెవిలో గుయ్ మని మోగుతుంటే అది చెవి ఇస్తున్న హెచ్చరిక, డాక్టరుకి చూపించాలి. ఈ సంగీతంలో దాచిపెట్టిన సన్నటి సంగతులు వినాలంటే కావలసింది మంచి చెవులే, వాటిని 60 ఏళ్ళ దాకా కాపాడుకోమనండి.

ఆ గంట గురించి మీకు మనసులో ఏమైనా వెలితి ఉంటే, అది కూడా ఊహించగలను. రోజంతా ఎదురుచూసిన మనిషి వచ్చీరాగానే డాబా ఎక్కేస్తే ఎవరికైనా ఉంటుంది. నా అనుభవం చెప్తాను. షిఫ్టు దిగిన మనిషి ఒంట్లో ఇంకా మెషీన్ తిరుగుతూనే ఉంటుంది. అది ఆగడానికి కొంత టైము కావాలి. కొందరు టీవీ ముందు పడతారు, కొందరు ఊరికే విసుక్కుంటారు. ఈయన ఆ హోరునే తీసుకుపోయి ఇంకో హోరులో కలిపి చల్లార్చుకుంటున్నారు. ఆ గంటని ఆయనకి ఉంచండి. వారంలో ఒక్కరోజు మాత్రం అందులో మీకు చోటు అడగండి. "నాకూ వినిపించు" అని అడిగిన భార్యకి కాదనే వినికిడి పిచ్చివాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. ఎవరైనా అడిగితే బాగుండునని లోపల్లోపల ఎదురుచూస్తూ ఉంటారు వాళ్ళు.

ఈసారి ఆయన బీ షిఫ్టు వారంలో, మర్నాడు సెలవున్న రాత్రి చూసుకోండి. రెండు గ్లాసుల్లో టీ పోసుకుని మీరూ పైకి వెళ్ళండి. ఇద్దరికీ వినపడేలా రెండు హెడ్‌ఫోన్స్ కలిపే చిన్న వైరు ముక్క దొరుకుతుంది, జగదాంబ సెంటర్ దగ్గర ఏ మొబైల్ షాపులో అడిగినా ఇస్తారు. అదే పాట పెట్టమనండి. ఏమీ వివరించొద్దని ముందే చెప్పండి, ఎందుకంటే వినేవాళ్ళం మధ్యమధ్యలో ఆపి వివరించకుండా ఉండలేం. ఒక్కటి అడగండి: "నీకు బాగా నచ్చే చోటు వచ్చినప్పుడు నా చెయ్యి నొక్కు."

ఏ నిమిషం దగ్గర నొక్కారో నాకు రాయండి. నాది పదిహేనో నిమిషం.